నాలుగు పెట్టెల్లో పట్టని ఊరు

మా ఉత్తరాంధ్రలో ప్రయాణం అంటే చాలామందికి టూర్ కాదు, వలస. శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరి టీ కొట్టు దగ్గరైనా కాసేపు కూర్చోండి, లిస్టు దానంతటదే వస్తుంది. "మా మావ ఖరగ్‌పూర్‌లో రైల్వే." "మా చిన్నాన్న టాటాలో." "తమ్ముడు దుబాయ్‌లో వెల్డరు." "మా అప్ప కూతురు కెనడాలోన." ఆఖరి ఐటమ్‌లో ఉన్న ఆ కూతురి లాంటిదాన్నే నేను.

వందేళ్ల కిందట ఈ లిస్టులో మొదటి పేరు రంగూన్. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల నుంచి స్టీమర్లు మనవాళ్లని బర్మాకి మోసుకెళ్లేవి. రంగూన్ రేవులో బస్తాలు దించినవాళ్లలో, రైసుమిల్లుల్లో పనిచేసినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అక్కడ మనవాళ్లని 'కొరంగీ'లు అనేవారు, కాకినాడ దగ్గరున్న కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత 1942లో లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి వెనక్కి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోయారు. 1960లలో నే విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక ఇంకోసారి కట్టుబట్టలతో రావడం. విశాఖ కంచరపాలెంలో 'బర్మా క్యాంపు' అనే పేరు అలా మిగిలిందే.

మా ముత్తాత కూడా రంగూన్ వెళ్లాడట. ఆయన గురించి మా ఇంట్లో మిగిలింది ఒక్క ముక్క: "ఎల్లినప్పుడు మీ తాత పొట్టలోన ఉన్నాడు, వచ్చేసరికి ఎద్దుల్ని తోల్తన్నాడు." అంతే. ఫొటో లేదు, ఉత్తరం లేదు. ఆయనతో పోల్చుకుంటే నేను అదృష్టవంతురాలిని. రోజూ వీడియో కాల్ ఉంది. అయినా మొన్న అరవై రోజుల సెలవు అయిపోయినప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, ఫోన్ దూరాన్ని తగ్గించింది గానీ వెళ్లడాన్ని తేలిక చేయలేదు.

రెండు ఇళ్లు, ఒక క్యాలెండర్

2024 డిసెంబరు 10న దిగాను, 2025 ఫిబ్రవరి 8న తిరుగు ప్రయాణం. మధ్యలో అరవై రోజులు. నాతో మా అయిదేళ్ల పాప. మా ఆయనకి సెలవు దొరకలేదు, టొరంటోలోనే ఉండిపోయారు. నాలుగేళ్ల తర్వాత రావడం. అంటే పాపకి ఊరు గుర్తుండే వయసులో ఇదే మొదటిసారి.

ఎన్నారై సెలవులో ఉన్న అసలు తలనొప్పి జెట్‌లాగ్ కాదు, పంపకం. పుట్టిల్లు ఉద్దానంలో, సోంపేట వైపు. అత్తారిల్లు విజయనగరంలో. రెండిళ్లలోనూ అమ్మమ్మా, నానమ్మా గోడ మీద క్యాలెండర్ పట్టుకుని కూర్చున్నారు. చెరి ముప్ఫై రోజులు అనుకున్నాం, బాగానే ఉంది. మరి సంక్రాంతి ఎవరికి? ఆఖరికి మా అత్తయ్యే తీర్పు చెప్పారు: "భోగి ఇక్కడ, కనుమ అక్కడ. పండగ రోజు రైల్లో చోటు బాగా దొరుకుతుందమ్మా." నిజంగానే దొరికింది.

విజయనగరం నాకు పెళ్లయ్యాకే పరిచయమైన ఊరు. 1713లో మొదలుపెట్టిన కోట మధ్యలో, దాని చుట్టూ బజారు, ఆ పక్కన గంటస్తంభం, మూడు లాంతర్ల జంక్షన్. నడిచి తిరగగలిగే ఊరు. మా అత్తయ్య రోజూ సాయంత్రం పాపని వేలు పట్టుకుని తిప్పేవారు. పైడితల్లి అమ్మవారి చదురుగుడి దగ్గర బొట్టు, మిఠాయి కొట్టు దగ్గర ఆగడం, మహారాజా సంగీత కళాశాల గేటు దగ్గర కాసేపు చెవి పెట్టడం. 1919లో పెట్టిన ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల పాట నేర్చుకున్నది అక్కడే. లోపల ఎవరో పిల్లలు వయొలిన్ మీద సరళీ స్వరాలు సాధన చేస్తుంటే పాప అడిగింది, "నానమ్మా, వాళ్లు ఎందుకు ఒకటే పాట మళ్లీమళ్లీ వాయిస్తున్నారు?" అని.

"వచ్చేదాకా అంతేనమ్మా" అన్నారు అత్తయ్య.

ఆవిడ మనసులో క్యాలెండర్‌కి నెలలు ఉండవు, పండగలే ఉంటాయి. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే ఆ మాను ఊరేగుతుంది, ఊరంతా తలెత్తి చూస్తుంది. మేము వచ్చేసరికే అది అయిపోయింది. పెళ్లయి తొమ్మిదేళ్లు, నేను సిరిమాను ఒక్కసారే చూశాను. "మళ్లీ దసరాలకి వస్తే చూపిద్దాం దీనికి" అని ఆవిడ వంద సార్లు అనుంటారు. అది అడగడం కాదు, ఒత్తిడి కూడా కాదు. మనం ఎప్పుడొస్తామో తెలీనప్పుడు పెద్దవాళ్లు పట్టుకునే ఊతం అది.

తేలినీలాపురంలో చుట్టాలు ఎవరు?

పండగ రోజు మధ్యాహ్నం విజయనగరంలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, మా జిల్లా అంతా వరసగా కనిపిస్తుంది. చీపురుపల్లి, పొందూరు, నాగావళి వంతెన, ఆమదాలవలస, వంశధార వంతెన. నౌపడ దగ్గరికొచ్చేసరికి ఉప్పు మడులు, ఎండలో కళ్లు చికిలించేంత తెలుపు. పాప "మంచు!" అని అరిచింది. కంపార్ట్‌మెంట్ మొత్తం నవ్వింది.

ఆ నౌపడకి దగ్గరలోనే, టెక్కలి మండలంలో తేలినీలాపురం. కనుమ వెళ్లాక ఒక పొద్దున్న నాన్న మమ్మల్ని తీసుకెళ్లారు. మీరు ఇంతవరకు వెళ్లకపోతే చలికాలంలో వెళ్లండి. ఊళ్లో చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు. గూడబాతు అంటే పెలికాన్, ముక్కు కింద సంచీ ఉంటుందే, అది. చెట్టు కొమ్మ కనిపించనంతగా గూళ్లు. పక్కనున్న తంపర నేలల్లో, కాలవల్లో చేపలు పట్టి తెచ్చి పిల్లలకి పెడుతుంటాయి. గోల గోల. వాసన కూడా ఉంటుంది, అది ముందే చెప్పేస్తున్నా.

ఊరివాళ్లకి ఈ పక్షులంటే శుభం. అవి వస్తే ఆ ఏడు వానలు, పంటలు బాగుంటాయని నమ్మకం. రాళ్లు వేయరు, వేయనివ్వరు.

చిన్నప్పటి నుంచి మేము విన్న మాట ఒకటుంది. ఇవి సైబీరియా నుంచి వచ్చే విదేశీ అతిథులు అని. స్కూల్లో కూడా అదే చెప్పారు. కానీ పక్షుల పుస్తకాలు తిరగేస్తే విషయం వేరు. ఇక్కడ గూళ్లు కట్టే ఈ గూడబాతు, ఈ రంగు కొంగ దక్షిణాసియా పక్షులే. వాటి పుట్టిళ్లు మన దేశంలో, మన చుట్టుపక్కల దేశాల్లో ఉన్న ఇలాంటి చెరువులూ చెట్లే. అవి ఇక్కడికి వచ్చేది గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకోవడానికి. మన చెట్టు మీద పుట్టి, మన చేప తిని, రెక్కలొచ్చాక ఎండలు ముదిరేలోపు తిండి దొరికే చోటికి వెళ్లిపోతాయి. మళ్లీ కాలం రాగానే వస్తాయి.

ఇక్కడ పుట్టినదాన్ని విదేశీ అతిథి అంటున్నాం, ఎందుకంటే అది ఎప్పుడూ ఇక్కడ ఉండదు కాబట్టి.

ఆ మాట నాన్నకి చెప్పాను. ఆయన చెట్టు వైపే చూస్తూ, "మరయితే అవి చుట్టాలు కావు, మన గుంటలే అన్నమాట" అన్నారు. మా వైపు గుంట అంటే ఇంటి పిల్ల. ఆ రోజంతా నాకు ఆ మాట చెవిలో తిరిగింది. ఎందుకంటే మా ఊళ్లో ఇప్పుడు నేను ఎదురుపడితే అందరూ అడిగేది "ఎప్పుడొచ్చినావు?" అని కాదు. "ఎప్పుడెల్తన్నావు?" అని.

తిత్లీ తర్వాత నాటిన చెట్లు

ఉద్దానం అంటే ఉద్యానవనం. పేరుకి తగ్గట్టే ఉండేది. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా సముద్రానికీ హైవేకీ మధ్య కొబ్బరి, జీడి, మామిడి, పనస. నడినెత్తిన ఎండ ఉన్నా తోటలో చీకటిగా ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఆ చీకటి పోయింది. ఎటు చూసినా ఆకాశమే. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, జీడిచెట్లు మెలితిరిగిపోయాయి. మా నాన్న తోటలో వంద చెట్లకి నిలిచినవి పదకొండు.

వరి పోతే మళ్లీ ఏడు వేసుకోవచ్చు. కొబ్బరి అలా కాదు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. యాభై తొమ్మిదేళ్ల మనిషి మొక్క నాటాలా వద్దా అన్నది చిన్న ప్రశ్న కాదు. మా ఊళ్లో కొందరు నాటలేదు, పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. నాన్న 2019 వానలకి తొంభై మొక్కలు పెట్టారు. అదే ఏడు నేను కెనడా వెళ్లాను. అందుకే ఆ తోట వయసు, నా వలస వయసు ఒకటే.

ఈసారి వెళ్లేసరికి చెట్లు నా తల దాటి చాలా ఎత్తు వెళ్లాయి. జనవరి ఆఖర్లో ఒకరోజు నాన్న పొలం నుంచి కేకేస్తూ వచ్చారు. తొంభైలో ఒక చెట్టు పూత వేసింది. నువ్వుల రంగు కంకి, దాని మీద గవ్వల్లాంటి చిన్న చిన్న పిందెలు. పాప ఆ చెట్టుకి తన పేరు పెట్టేసుకుంది. "కాయ ఎప్పుడు తింటాం తాతా?" అంది.

"ఏడాది పడతాది, సంకురాత్రికి రా" అన్నారు నాన్న.

ఉద్దానంలో ఇంకో మాట అందరికీ తెలుసు. చదువురాని ముసలమ్మకి కూడా వచ్చే ఇంగ్లిష్ మాట అది, క్రియాటినిన్. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకింత ఎక్కువో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరీక్షిస్తున్నారు. నీళ్లా, ఎండలో పనా, మందులా, ఇంకేదైనానా, ఇదీ కారణం అని ఒక్కటి ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే. మార్పు వస్తోంది. కానీ మా వైపు ఇళ్లలో ఇప్పటికీ ఇద్దరు కలిస్తే, పంట సంగతి తర్వాత అడుగుతారు, ముందు "ఎంతుంది?" అంటారు. ఎంత అంటే ఏంటో చెప్పక్కర్లేదు.

నాన్నని నేనూ అడిగాను, వచ్చిన మొదటి వారంలోనే. "బాగానే ఉందమ్మా" అన్నారు.

పెట్టెలో ఏం పడుతుంది, ఏం పట్టదు

రెండు టికెట్లు, టికెట్‌కి రెండు పెట్టెలు, పెట్టెకి ఇరవై మూడు కిలోలు. మొత్తం తొంభై రెండు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఈ ఎక్కం నోటికొచ్చు.

ఫిబ్రవరి మొదటి వారంలో మా ఇంటి వసారా గోడౌన్ అయిపోయింది. పలాస జీడిపప్పు నాలుగు కిలోలు. భీమాళి మామిడి తాండ్ర రెండు కిలోలు, అత్తయ్య పంపించారు. పొందూరు ఖద్దరు పంచె ఒకటి మా ఆయనకి. పొందూరులో పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి శుభ్రం చేస్తారు, అందుకే ఆ నూలు అంత సన్నన. టొరంటోలో ఆ పంచె ఎప్పుడు కడతారని అడక్కండి. చోడి పిండి, ఉలవలు, కందిపొడి. ఆవకాయ సీసాకి నాలుగు కవర్లు, పైన టేపు, టేపు మీద మళ్లీ టేపు. ఎండుచేపలు పెడతానని అమ్మ, వద్దని నేను. ఆఖరికి ఎవరు గెలిచారో మా టొరంటో ఫ్లాట్‌లో పక్కింటివాళ్లకి తెలుసు.

మందస కోవా పెట్టలేకపోయాం, నిలవుండదు. అది అక్కడికక్కడే తిని రావాల్సిన వస్తువు.

ఇంకో సంగతి మీలో ఎంతమందికి తెలుసో. ఎండు కొబ్బరి విమానంలో తీసుకెళ్లనివ్వరు. అందులో నూనె ఎక్కువ కదా, తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉన్న సరుకుల జాబితాలో కురిడీ కొబ్బరి ఉంది. ఉద్దానం ఆడపిల్ల పుట్టింటి నుంచి కొబ్బరి లేకుండా వెళ్లడం అంటే ఏంటో ఊహించుకోండి. నాన్నకి ఈ రూల్ చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన కాయంటే వాళ్లకి అంత బయమేటి?" అన్నారు.

పాప అయితే తన చెట్టు పక్కన మొలకెత్తిన కొబ్బరిమొక్క పట్టుకొచ్చింది, పెట్టెలో పెట్టమని. మొక్కలూ మట్టీ కెనడాలోకి రానివ్వరని నచ్చజెప్పేసరికి సాయంత్రం అయింది. ఆ మొక్కని తాతా మనవరాలూ కలిసి బావి పక్కన నాటారు.

నాన్న కొబ్బరి వ్యాపారి దగ్గర నుంచి కాటా తెచ్చి, దూలానికి కట్టి, ఒక్కో పెట్టె తగిలించి తూచారు. ఒకటి ఇరవై నాలుగున్నర వచ్చింది. తీయాలి. ఏది తీయాలి? అమ్మ జీడిపప్పు పొట్లం తీసింది, నేను మళ్లీ పెట్టాను. నేను చీర తీశాను, అమ్మ మళ్లీ పెట్టింది. పెట్టెలో కిలోన్నర కోసం అమ్మా నేనూ అరగంట వాదించుకున్నాం. నిజానికి ఆ వాదన కిలోన్నర గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

అరసవల్లిలో చేతులు మారిన చెయ్యి

విమానం విశాఖలో కాబట్టి, ఆఖరి రెండు రాత్రులు విజయనగరంలో ఉండాలి. రెండిళ్లకీ మధ్యలో శ్రీకాకుళం. అందుకే ఫిబ్రవరి 6న అరసవల్లిలో కలుద్దామని పెద్దవాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడేసుకున్నారు. అమ్మ నాతో శ్రీకాకుళం దాకా వస్తుంది, అత్తయ్య విజయనగరం నుంచి వస్తారు. దేవుడి దర్శనం, పాపని అప్పగించడం రెండూ అయిపోతాయి.

సోంపేట స్టేషన్లో నాన్న పెట్టెలు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డారు. "విశాఖ రాను తల్లీ, ఆ ఎయిర్‌పోర్టులో నాకు కాళ్లాడవు" అని ముందే చెప్పారు. రైలు కదిలాక పాప గట్టిగా అరిచింది, "ఎల్లొస్తాన్ తాతా!" అని. మొదట్లో మా పాప తెలుగు బాలల కథల పుస్తకంలా ఉండేది. అరవై రోజుల్లో 'ఏటి', 'బేగి', 'తినీసాను' అన్నీ వచ్చేశాయి. ఇక్కడెవరూ వెళ్తాను అనరు కదా, వెళ్లొస్తాను అనే అంటారు. అది ఎవరూ నేర్పకుండానే పట్టేసింది.

రథసప్తమి అప్పటికి రెండు రోజుల కిందటే, ఫిబ్రవరి 4న అయింది. 2025లోనే తొలిసారి దాన్ని రాష్ట్ర పండగగా చేశారు. జనం తగ్గినా ఊరంతా ఇంకా పండగ ఆనవాళ్లే, అరటిబోదెలు, లైట్ల తీగలు. సూర్యనారాయణస్వామి గుడి తూర్పు గాంగ రాజుల నాటిది. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో, మబ్బు లేకపోతే తొలి కిరణాలు గాలిగోపురం దాటి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. మార్చికి నేనుండను. ఎన్నారైలకి పండగలు ఎప్పుడూ ఇంతే, నెల ముందో నెల వెనకో.

దర్శనం అయ్యాక ఇంద్ర పుష్కరిణి మెట్ల మీద కూర్చున్నాం. పాప అత్తయ్యతో చేపలకి మరమరాలు వేస్తోంది. అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది:

"మీ నాయినకి ఒకటి ఎనిమిది వచ్చింది. దీపావళప్పుడు. సెప్పొద్దన్నారు."

నాకు కాసేపు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. అన్ని రోజులు ఒకే ఇంట్లో, ఒకే కంచం పక్కన. ఉప్పు తగ్గించడం చూశాను, వయసు కదా అనుకున్నాను. మందుల డబ్బా చూశాను, బీపీకి అన్నారు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. టికెట్ మార్చుకుంటానన్నాను. నెల రోజులు, అవసరమైతే ఇంకా. నాన్న కోప్పడలేదు.

"సెప్తే నువ్వుండిపోతావనే సెప్పలేదు తల్లీ. నువ్వుంటే నాకేటి తగ్గిపోద్దా? పలాసలో చూపించుకుంతన్నాను, మందులేసుకుంతన్నాను, నీళ్లు మంచివే తాగుతన్నాను. నువ్వక్కడ పని చేసుకుంటేనే నాను ఇక్కడ ధైర్యంగా ఉంతాను. నెలనెలా కాగితం ఫొటో తీసి పంపుతాను. అబద్ధం సెప్పను. ఎల్లు."

టికెట్ మార్చలేదు. మంచి పని చేశానా కాదా అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. ఒప్పందం మాత్రం ఉంది: నెలనెలా కాగితం, దాచకుండా.

కాంప్లెక్స్‌లో విజయనగరం బస్సు ఎక్కేముందు అమ్మ పాప కుడిచెయ్యి పట్టుకునుంది, అత్తయ్య ఎడమచెయ్యి. ఇద్దరూ వియ్యపురాళ్ల లెక్కన ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడుకుంటారు, మనసు విప్పింది తక్కువ. ఆ రోజు అత్తయ్య అమ్మతో, "వదినగారూ, అన్నయ్యగారిని ఓసారి విజయనగరం తీసుకురండి. పిల్లలు వస్తేనే మనం కలవాలా?" అన్నారు. అమ్మ తలూపింది. పాప కుడిచెయ్యి వదిలింది.

పదిన్నర నుంచి తొమ్మిదిన్నరకి

విశాఖ వెళ్లే దారిలో హైవే మీద భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయం పనులు అప్పటికి జరుగుతూ ఉన్నాయి. అది పూర్తయితే మా జిల్లాల నుంచి వెళ్లేవాళ్లకి ఓ గంట కలిసొస్తుందనుకున్నాం. వచ్చేవాళ్లకి కూడా, అని ట్యాక్సీ డ్రైవర్ అన్నాడు. అతని తమ్ముడు కతార్‌లో ఉన్నాడట.

విశాఖ, ఢిల్లీ, టొరంటో. దిగేసరికి బయట నడుము లోతు మంచు. పాప కిటికీలోంచి చూసి "నౌపడ ఉప్పు" అంది. పెట్టెలు విప్పితే ఆవకాయ కారలేదు. ఖద్దరు పంచె మడతలో ఒక కొబ్బరి ఈనె దొరికింది, చీపురు కట్టేటప్పుడు పడినట్టుంది. దాన్ని కస్టమ్స్‌వాళ్లు చూడలేదు.

మొదటి వారం పాప రాత్రి రెండింటికి లేచి "తాతకి ఫోన్ చెయ్" అనేది. మాకూ ఊరికీ పదిన్నర గంటల తేడా. అంటే ఇక్కడ రాత్రి రెండయితే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, భోజనాల వేళ. జెట్‌లాగ్ పోకూడదని నేనే మనసులో అనుకున్నాను.

మార్చి 9న రెండు జరిగాయి. అరసవల్లిలో కిరణాలు పడే రోజు అని అత్తయ్య తెల్లవారుజామునే బయల్దేరి వెళ్లారు, ఈసారి అమ్మా నాన్నలతో కలిసి. జనం తోపులాటలో సరిగ్గా చూడలేకపోయామని ముగ్గురూ వాట్సాప్‌లో ముగ్గురు రకాలుగా చెప్పారు. అదే రోజు ఇక్కడ కెనడాలో గడియారాలు గంట ముందుకు జరిపారు, ఏటా ఎండాకాలానికి ముందు చేసేదే. పదిన్నర గంటల దూరం తొమ్మిదిన్నర అయింది.

ఆ సాయంత్రం నాన్న కాగితం ఫొటో వచ్చింది. ఒకటి ఎనిమిది. తగ్గలేదు, పెరగలేదు. దాని కింద ఇంకో ఫొటో, పాప చెట్టు. పిందెలు సగం రాలిపోయాయట, పద్నాలుగు నిలిచాయట. ఒక్కోదానికి వేలు పెట్టి లెక్కపెట్టి మరీ వీడియో తీశారు.

మా ఆయన సెలవుకి అప్లై చేశారు, 2026 సంక్రాంతికి, ముగ్గురికీ.